రెండు మెట్ల జాబితా

నాలుగు గంటలకే జాబితా అయిపోయింది. జీపు అయిదింటికి వస్తుంది. మధ్యలో మిగిలిన ఆ ఒక్క గంటతో ఏం చెయ్యాలో రజియాకు తోచలేదు. డాబాగార్డెన్స్‌లో రెండో అంతస్తు మీద ఉన్న ఆ కంప్యూటర్ గదిలోకి చెప్పులతో రాకూడదు, టీ తేకూడదు, తలుపు వారగా తీసి ఉంచకూడదు. మనిషి కన్నా యంత్రానికి చల్లగా ఉండాలి. అందుకే ఏసీ రోజంతా ఒకే రాగం తీస్తూ ఉంటుంది. వట్టి పాదాలకు నేల చల్లగా తగులుతుంటే ఆమె కాళ్లు పైకి తీసి కుర్చీలో మఠం వేసుకుని కూర్చుంది. కిటికీ అద్దానికి అవతల, పోర్టు వైపు నుంచి వచ్చే ఇనుప ఖనిజం ధూళి ఎర్రగా పేరుకుపోయి, జనవరి ఎండ ఆ ఎరుపులోంచి వడగట్టుకుని లోపలికి వస్తోంది. ఒళ్లో అట్ట ఫైలు ఉంది. అందులో గెడ్డవానిపాలెం జాబితా ఏడు పేజీలు, పైన వాళ్ల సారు శ్రీరామ్మూర్తి గారు సంతకం పెట్టిన ఉత్తరం. ఊళ్లో మూడు వందల పది కుటుంబాలు అని ఆ ఉత్తరంలో ఉంది. ఆ ఊరి నేలను కొత్తగా రాబోయే ఒక ఫ్యాక్టరీ తీసుకుంటోంది. జాబితాలో పేరున్న కుటుంబానికి వేరేచోట ఇంటి స్థలం, ఒక ఉద్యోగం. పేరు లేని కుటుంబానికి ఏమీ లేదు. ఫైలు ఈ సాయంత్రం భూసేకరణ ఆఫీసుకు చేరితే సోమవారం ముద్ర పడుతుంది, ముద్ర పడ్డాక ఇక ఎవరు ఏడ్చినా అందులో అక్షరం మారదు.

ఈ సంగతులన్నీ తలచుకోకుండా ఉందామనుకుంటే మెట్ల మీద గురువమ్మ కూర్చుని ఉంది. పొద్దున ఆఫీసు తలుపు తియ్యకముందే వచ్చింది. గెడ్డవానిపాలెం నుంచి మొదటి బస్సు ఎక్కి, ఒక చేతిసంచీతో, నూనె రాసి బిగించి ముడేసుకున్న జుట్టుతో. మధ్యాహ్నం రజియా కిందికి దిగినప్పుడు పక్కకు ఒత్తిగిల్లి దారి ఇచ్చింది తప్ప ఏమీ అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్పి పంపెయ్యవచ్చు. అడగని మనిషిని ఏం చెయ్యాలో రజియాకు తెలియలేదు. సారు మాత్రం వెళ్తూ వెళ్తూ ఆమెను చూసి, "పేర్లు సోమవారం చెప్తారమ్మా, వెళ్లిపో" అన్నారు. గురువమ్మ "అలాగే బాబూ" అని, అలాగే కూర్చుంది.

తెర మీద ఆకుపచ్చ గుర్తు ఆరి వెలుగుతోంది. దాని పక్కన తను మధ్యాహ్నం కొట్టిన ముక్క ఇంకా అలాగే ఉంది. పేర్లు చూపించమనే ఎల్, ఎస్, ఆ తర్వాత రెండు స్టారు గుర్తులు, మధ్యలో ఒక ఏటవాలు గీత. ఒక స్టారు అంటే ఒక మెట్టు లోపలికి. ఊరి పేరుతో యంత్రంలో ఒక డైరెక్టరీ, అంటే అరల్లో అరలున్న పెట్టె లాంటిది, ఉంది, దాని గుమ్మంలో నిలబడి ఒక స్టారు కొడితే వీధులు కనిపిస్తాయి. రెండు కొడితే వీధుల్లో ఇళ్లు. అక్కడితో ఆగిపోవాలి. ఆగకుండా అడుగంటా దిగి రాసుకొచ్చే మాట ఇంకొకటుంది. కిందటి వారం కొత్త మోజులో దాన్ని కొడితే యంత్రం ఇళ్లతోపాటు ఆవుల్నీ మేకల్నీ, కొబ్బరి చెట్లనీ, నూతుల్నీ కూడా వరసపెట్టి చెప్పడం మొదలెట్టింది. ప్రింటరు కక్కిన కాగితం మడతలు మడతలుగా నేలంతా పరుచుకుంది. పెట్టెడు కాగితం అయిపోయాక శ్రీరామ్మూర్తి గారు వచ్చి తల పట్టుకున్నారు. ఆయన కోప్పడరు. కోప్పడితే బాగుండునని అనిపించేలా నెమ్మదిగా మాట్లాడతారు. "ఊరి గొడ్లు మనకెందుకమ్మా? ఇంటి గుమ్మం దాకా వెళ్లు, లోపలికి తొంగి చూడకు. రెండు మెట్లు చాలు." ఆ మాటలో తప్పేముంది? ఏమీ లేదు. ఈ నెలాఖరుకు తనను పర్మనెంటు చేస్తానని మాటిచ్చిన మనిషి. వాళ్ల వంశంలో ఆడపిల్ల నెలజీతం తేవడం ఇదే మొదలు. రెండు మెట్లు చాలంటే చాలు.

ఇంటి గుమ్మం దాకా. కళ్లు మూసుకుంటే వాళ్ల ఇంటి గుమ్మమే వచ్చింది. పాత ఊళ్లో, కోటవీధి వెనక సందు, సందులో ఇంకో సందు, అందులో పెద్దనాన్న ఇల్లు. పెద్దనాన్న ఇద్రీస్‌ను అందరూ బడే అబ్బా అంటారు. వీధివైపు ఆయన గది, ఆయన కుర్చీ, ఆయన హుక్కా. అది దాటితే నడవ, నడవలో ఓడల జెండాలు కుట్టే నాన్న పీర్ మహమ్మద్ మిషను. నీలం, పసుపు, ఎరుపు గుడ్డల ముక్కలు ఎప్పుడూ ఆ నేలమీద ఎగిరిపడుతూ ఉండేవి. ఏ జెండా ఎగరేస్తే ఏ ఓడ ఏం చెబుతుందో నాన్నకు తెలుసు. అయినా ఆయన జీవితంలో ఓడ ఎక్కలేదు. నడవ దాటితే పెరడు, పెరట్లో రేకుల వసారా, ఆ వసారాలో రజియావాళ్లు నలుగురు. వీధిలో నిలబడి చూస్తే ఎవరికీ కనబడరు. రజియా చిన్నప్పుడు తమ ఇంటికి దారి చెప్పాల్సొస్తే, "లోపలికి, ఇంకా లోపలికి, ఇంకా" అని చెప్పేది, వినేవాళ్లు నవ్వేవాళ్లు.

అమ్మకూ పెద్దమ్మకూ పడక పొయ్యి వేరైన రోజు ఆమెకు బాగా గుర్తు. అరుపులేమీ లేవు. అమ్మ చాంద్ సుల్తానా పెరట్లో మూడు ఇటుకలు పేర్చుకుంది. అంతే, పొద్దుటి నుంచి సాయంత్రానికి ఇల్లు రెండైంది. కానీ అది బయటికి చెప్పుకునే సంగతా? పరువు. రేషను కార్డుల వాళ్లు వచ్చినప్పుడు బడే అబ్బా గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని, ఇల్లంతా ఒకటే, పొయ్యి ఒకటే అన్నాడు. ఆ వచ్చినాయన కూడా గుమ్మం దాకానే వచ్చాడు పాపం. చెప్పులు విప్పుకుని లోపలికి రావడం ఎందుకనుకున్నాడో, సందు ఇరుకనుకున్నాడో. ఇంటికొక కార్డు రాసి, టీ తాగి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి వాళ్ల చక్కెర పెద్దమ్మ చేతిమీదుగా వచ్చింది. గ్లాసుతో కొలిచి, గ్లాసు అంచును వేలితో చదునుగా రాసి ఇచ్చేది. తక్కువ ఇచ్చేది కాదు. ఆ వేలు రాయడం చూసి అమ్మ చక్కెర వేసుకోవడం మానేసింది. ఇప్పటికీ వట్టి టీ తాగుతుంది. ఒంటికి పడదు అంటుంది గానీ అది అబద్ధమని ఇంట్లో అందరికీ తెలుసు.

అమ్మ పొయ్యి ఏ మెట్టు మీద ఉన్నట్టు? సందు ఒకటి, ఇల్లు రెండు, పెరట్లో పొయ్యి మూడు. రెండు స్టార్లు కొట్టినవాడికి బడే అబ్బా కనబడతాడు, కుర్చీతో సహా. అమ్మ కనబడదు. నాన్న కనబడడు. చివరికి రజియా కూడా కనబడదు. ఆ సంగతి ఇంత మామూలుగా, ఏసీ గదిలో కాళ్లు ముడుచుకుని కూర్చున్నప్పుడు తట్టడంతో ఆమెకు భయం వేసింది. ఎక్కడో హార్బర్‌లో ఓడ కూత కూసింది. అద్దం సన్నగా అదిరి ఊరుకుంది. నాలుగూ ఇరవై.

ఫైలు తెరిచింది. గెడ్డవీధి, నాలుగో పేజీ. బోని తవిటయ్య ఇల్లు. ఒకటే వరస, తవిటయ్య పేరే. తవిటయ్య గురువమ్మకు మామగారు. గురువమ్మ పేరు లేదు. ఉండదని తనకు తెలుసు, వెతికినట్టు నటించింది, అంతే. తెలియకపోవడానికి ఆ ఊరు తాను చూడనిది కాదు. మూడు నెలల కిందట, పేర్లు సరిచూసుకోవడానికి సర్వే జగ్గారావు గారి వెంట వెళ్లింది. ముసలాయన, చెవిలో పెన్సిలు, చంకలో చిట్టా. మిగతా సర్వేవాళ్లు ఇల్లు చూసి రాసుకుంటే ఈయన పొయ్యి చూసి రాసుకుంటారు. "ఇల్లు గోడలకి లెక్కమ్మా, కుటుంబం పొయ్యికి లెక్క. పొయ్యి ఏరైపోతే కుటుంబం ఏరే. ఆర్డరు కాయితంలో కూడా అదే ఉంది, సదువుకునోళ్లు సదవరు గానీ." ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. కొడుకు వేరు పడితే కొత్త పొయ్యికి అగ్గిపుల్ల గియ్యరు. అమ్మ పొయ్యిలోంచి నిప్పు ఒక చిప్పలో తీసుకెళ్లి అంటిస్తారు. కొట్టుకున్నా, తిట్టుకున్నా, మాటలు మానేసినా సరే, నిప్పు మాత్రం అడిగి తీసుకోవాలి, అడిగితే లేదనకూడదు. జగ్గారావు గారు ఆ పద్ధతినే చిట్టాలోకి ఎక్కించారు. ఏ పొయ్యికి నిప్పు ఎవరిచ్చారో అడిగి, ఇచ్చిన పొయ్యి కింద తీసుకున్న పొయ్యిని కొంచెం లోపలికి జరిపి రాశారు. రజియా ఆ చిట్టాను ముందు పెట్టుకుని ఎలా ఉన్నది అలాగే యంత్రంలో కట్టింది. చిట్టాలో లోపలికి జరిగిన ప్రతి వరసకూ డైరెక్టరీలో ఇంకో డైరెక్టరీ. వాటి పేర్లు పి అక్షరంతో మొదలుపెట్టింది, పొయ్యి అని తనకు తెలిసేలా. అప్పుడు ఆ పని ముచ్చటగా కూడా అనిపించింది. నెల తిరిగేసరికి జగ్గారావు గారు రిటైరై వెళ్లిపోయారు. ఇక ఆ లోపలి వరసల సంగతి తెలిసింది ఇద్దరికే, తనకూ యంత్రానికీ.

ఆ రోజు గురువమ్మ ఇద్దరినీ పెరట్లోకి తీసుకెళ్లింది. భర్త పడవ బోల్తాపడి పోయి అప్పటికి రెండేళ్లు. మామగారింటి వెనక తాటాకుల పంచ, ఆ పంచలో పేడతో అలికి ముగ్గు గీసిన పొయ్యి. మీద ఏమీ లేదు, కింద బూడిదలో నిప్పు మాత్రం ఉంది. "ఇది నా పొయ్యమ్మా. మా మాఁవ గుమ్మంలో ఒకటే సెప్తాడు, ఆయనకి నామోసీ. నువ్వు కళ్లతో సూసినావు కదా, రాసుకో" అంది. జగ్గారావు గారు వంగి బూడిద మీద అరచెయ్యి పెట్టి చూసి, తల ఊపి రాసుకున్నారు. రజియా కూడా పెట్టి చూసింది. వెచ్చగా ఉంది. తాను నవ్వి, "రాసేత్తన్నానమ్మా" అని ఆ ఊరి యాసలోనే అన్నది. ఎంత సులువుగా అన్నది ఆ మాట. గురువమ్మ సంతోషపడి పచ్చిమావిడికాయ కోసి ఉప్పు అద్ది ఇచ్చింది. రాసిందే, అబద్ధం కాదు. రాసి, రెండో మెట్టు దగ్గర తలుపు వేసేసింది.

సారుకు ఫోను చేద్దామా? ఆయన ఎవరిదో పెళ్లికని మధురవాడ వైపు వెళ్లారు, అక్కడ ఫోను ఎక్కడుంది. ఉన్నా ఏమంటారో తెలుసు. ఉత్తరంలో మూడు వందల పది అని రాసి సంతకం పెట్టాను కదమ్మా, ఇప్పుడు మారిస్తే మనం పని రానివాళ్లమని అనుకోరా అంటారు. అనుకుంటారు. పని పోతుంది, నెలాఖరు పోతుంది. జీతం వచ్చాక సొంత రేషను కార్డుకు అర్జీ పెడదామని అమ్మకు చెప్పిన మాట కూడా పోతుంది. రజియా ఫైలు మూసి బల్ల మీద పెట్టింది. కుర్చీలోంచి కాళ్లు కిందికి దింపింది. మళ్లీ పైకి తీసుకుంది. ఏసీ రాగం తీస్తూనే ఉంది. ఆ రాగంలో ఎవరో దూరంగా గోధుమలు తిరగలిలో విసురుతున్నట్టు అనిపించింది. అమ్మేమో అనుకుంది. అమ్మ తిరగలి ఆపి, చక్కెర లేని గ్లాసు పెదాల దగ్గర పెట్టుకుని, ఒంటికి పడదే అంటోంది. ఎవరికి చెబుతున్నావమ్మా ఆ మాట, గుమ్మంలో నిలబడినవాళ్లకా? నాకు కోపంగా ఉంది, చాలా కోపంగా ఉంది, ఆ టీ తాగి వెళ్లిపోయినాయన మీద పదిహేనేళ్లుగా కోపంగా ఉంది, ఇప్పుడు ఆయన చోట నేను కూర్చున్నాను.

చేతులు వాటంతటవే మీటల మీదికి వెళ్లాయి. స్టారు, గీత, స్టారు, గీత, పి, స్టారు. ఒక్క క్షణం తెర అలాగే నిలబడింది. తర్వాత కిందినుంచి ఒక్కొక్క వరసా పుట్టుకురావడం మొదలైంది, ఆకుపచ్చగా, తొందర లేకుండా. గెడ్డవీధి. నూతివీధి. సాలివీధి. రజియా వాటి వెంట నడుస్తున్నట్టే ఉంది. ముందు వైపు అరుగులు, అరుగుల మీద ముసలాళ్లు, ఇంట్లో అంతా ఒకటే అంటున్న ముసలాళ్లు. వాళ్లను దాటుకుని పక్క సందుల్లోంచి పెరళ్లలోకి వెళ్తోంది. ప్రతి పెరట్లో ఒక పంచ, ఒక పొగ, ఊదుగొట్టం పట్టుకున్న ఒక ఆడమనిషి మొహం ఎత్తి చూడడం. నువ్వా, రా, లోపలికి రా. పాదాల కింద చల్లటి నేల పేడ అలికిన నేలలా మెత్తబడింది. పేర్లు ఆగేసరికి లెక్కపెట్టింది. ఎనభై ఆరు. ఎనభై ఆరు పొయ్యిలు ఆ ఏడు పేజీల వెనక మండుతూనే ఉన్నాయి. నాలుగో పేజీలో తవిటయ్య వెనకనుంచి గురువమ్మ వచ్చి నిలబడింది.

ప్రింటరు గీసుకుంటూ పోతుంటే ఆమె ఉత్తరం తీసి, మూడు వందల పది అన్న అంకె మీద ఒక గీత గీసింది. పక్కన మూడు వందల తొంభై ఆరు అని రాసింది. కింద, సారు సంతకానికి దిగువన, సరిచేసినది అని రాసి తన పేరు పూర్తిగా పెట్టింది. సోమవారం ఏమైతే అది అవుతుందని అనుకుంది గానీ ధైర్యం ఏమీ రాలేదు. కింద జీపు హారను మోగింది. అయిదుకు ఇంకా రెండు నిమిషాలున్నాయి, ఆ డ్రైవరు అబ్బులు ఎప్పుడూ ఇంతే.

ప్రింటరులోంచి కాగితాలు చింపుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగింది. గురువమ్మ లేచి నిలబడింది. రజియా ఆమె వేలు పట్టుకుని, ఆమె పేరున్న వరస మీద పెట్టింది. గురువమ్మకు చదువు రాదు. అయినా ఆ వరసను మొదటి నుంచి చివరి దాకా చూసింది, మళ్లీ చూసింది. కళ్లు తుడుచుకుంటుందేమో అనుకుంది రజియా. తుడుచుకోలేదు. వేలు అక్కడే ఉంచి, గొంతు తగ్గించి అడిగింది.

"మరి మా నూకాలు పొయ్యి ఏదమ్మా? దీని కిందేనా?"

"నూకాలు ఎవరు?"

"నా తోటికోడలు. రెండేళ్లయి దానికీ నాకూ మాటల్లేవు. దాని పెనిమిటి కూడా ఆ పడవలోనే పోనాడు. సోకం అయ్యాక ఇద్దరం ఒక పొయ్యి మీదే ఒండుకున్నాం, ఆ తరవాత తెగిపోనాది." గురువమ్మ పక్కకు చూసింది. "మాటల్లేకపోతే ఏటి, దాని పొయ్యిలో నిప్పు నాదే. సిప్పలో నానే ఏసిచ్చాను."

రజియా కాగితం మళ్లీ చూసింది. నిప్పిచ్చిన పొయ్యి కింద, ఇంకొంచెం లోపలికి జరిపి. జగ్గారావు గారి చిట్టాలో ఆ వరస అంచుకు ఎంత దగ్గరగా వెళ్లిందో ఇప్పుడు కళ్లకు కట్టింది. తాను మూడు మెట్లు దిగి ఊరంతా చూసేశానని మురిసిపోయింది. మూడో మెట్టు మీద నిలబడినవాళ్లకు అదీ ఒక గుమ్మమే.

"ఏటమ్మా, ఇచ్చేత్తే ఎల్లిపోతాను, ఆపీసు మూసేత్తారు" అన్నాడు అబ్బులు జీపులోంచి.

"పది నిమిషాలు ఆగు బావా" అంది రజియా. ఆ పిలుపు తన నోటివెంట ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. అబ్బులు కూడా తెల్లబోయి ఇంజను ఆపేశాడు. ఆమె ఆ పాటికే సగం మెట్లు ఎక్కేసింది.

స్టారు, గీత, స్టారు, గీత, పి స్టారు, గీత, పి స్టారు. పదకొండు పేర్లు వచ్చాయి. వాటిలో నూకాలు ఉంది, గురువమ్మ వెనకాలే, ఊపిరి తగిలేంత దగ్గరలో. రజియా అక్కడ ఆగలేదు. ఇంకో పి స్టారు కలిపింది. రెండు పేర్లు. ఎవరో పోతమ్మ, ఎవరో జోగమ్మ, ఏ పెరట్లో, ఎవరి దగ్గర నిప్పు తీసుకుని, ఏ కోపంతో అంత లోపలికి వెళ్లిపోయారో. ఇంకోటి కలిపింది. ఈసారి యంత్రం చాలాసేపు వెతికింది. ఆ కాసేపూ ఆమె, ఇంకా ఎవరైనా ఉంటే బాగుండునని ఒకసారి, ఉండకపోతే బాగుండునని ఒకసారి అనుకుంది. చివరికి యంత్రం తను కొట్టిన స్టార్లను ఎలాగున్నవి అలాగే తిప్పి ఇచ్చి, అలాంటివేవీ లేవని చెప్పింది. అప్పుడు నమ్మింది, ఆ పదమూడు పేర్లనూ ప్రింటు తీసి ఫైల్లో పెట్టింది. ఉత్తరం మీద అంకెను రెండోసారి కొట్టేసి, నాలుగు వందల తొమ్మిది అని రాసి, మళ్లీ తన పేరు పెట్టింది. ఈసారి సోమవారం గుర్తు రాలేదు.

ఫైలు తీసుకుని జీపు వెళ్లిపోయాక వీధిలో ఎర్ర దుమ్ము నెమ్మదిగా కిందికి దిగింది. గురువమ్మ సంచీ చంకలో పెట్టుకుంది.

"ఉంది. నూకాలు కూడా ఉంది" అని చెప్పింది రజియా.

గురువమ్మ తల ఊపింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"నాను అడిగానని దానికి మాత్రం సెప్పకమ్మా" అంది.